మేనత్త గొంతు

ఆదివారం పొద్దున్న కొట్టు తలుపు తీసేటప్పటికి నీలవేణి చేతిలో ఉన్న సరుకు ఇంతే: 'అమ్మల గూడు' అనే వాట్సాప్ గ్రూపులో ఆరువందల పన్నెండు మంది తల్లులు, వాళ్ళ దగ్గర అయిదేళ్ళుగా కూడబెట్టుకున్న మంచిపేరు, ఆ మంచిపేరు కింద బుధవారం నుంచి మురుగుతున్న ఒక అబద్ధం.

మధ్యాహ్నం మూడు గంటలకి ఆ తల్లులు ఫోన్లలో కూడబోతున్నారు. గ్రూపులో తిట్లు రానివ్వాలా వద్దా అన్నది ఇవాళ తేల్చేస్తారట. తేలేది తిట్ల సంగతే. కానీ నీలవేణికి మిగిలేదీ పోయేదీ ఆ అబద్ధం నిలబడటాన్ని బట్టి ఉంది.

వంటింటి గడప దగ్గర అత్తగారు తాతమ్మ మనవరాలికి పెరుగన్నం తినిపిస్తోంది. తినిపిస్తోందనడం ఎక్కువ. ముద్ద పట్టుకుని కూర్చుంది.

నాలుగు రోజుల కిందటి దాకా ఆ గడప దగ్గర వేరే భాగోతం నడిచేది. "మింగవే ముదనష్టపుదానా! నీ జిమ్మడ, బుగ్గలో దాస్తన్నావేటి? ఎవుడికి దాస్తన్నావే?" అని తాతమ్మ ఊరంతా వినపడేలా తిడుతుంటే, అయిదేళ్ళ పిల్ల పడీపడీ నవ్వి నోరు తెరిచేది. తిట్టుకో ముద్ద. తిట్టు కొత్తదైతే ముద్ద పెద్దది.

ఇప్పుడు తాతమ్మ నోరు తెరవడం లేదు. పిల్లా తెరవడం లేదు.

"అమ్మా, ఏదో ఒకటి అనవే. అంటే తింటాది" అన్నాడు నీలవేణి మొగుడు శివాజీ, పిండిమర బెల్టు సరిచేసి వచ్చిన చేతులు తుడుచుకుంటూ.

తాతమ్మ ముద్దని మళ్ళీ గిన్నెలో పెట్టింది. "తినమ్మా" అంది మెల్లగా.

ఆ మర్యాద విని పిల్ల బిక్కమొహం వేసింది. నానమ్మకి ఒంట్లో బాగులేదేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

నీలవేణి కొట్టులో నిలబడి చోడిపిండి పొట్లాలు కడుతున్నట్టు నటించింది. కట్టిన పొట్లాన్నే విప్పి మళ్ళీ కట్టింది.

తాతమ్మ ఆమెకి అత్తగారు మాత్రమే కాదు, సొంత మేనత్త. నాన్నకి అక్క. పోలికలేమీ రాలేదు గానీ గొంతు మాత్రం దింపినట్టు వచ్చింది. ఫోన్ చేసిన వాళ్ళు "తాతమ్మ గారా? నీలవేణా?" అని అడగకుండా మాట మొదలుపెట్టరు. ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో అందరికీ తెలిసిన సంగతే అది. బుధవారం నాడు నీలవేణిని కాపాడింది ఆ పోలికే. కాపాడిందని బుధవారం అనుకుంది.

పలాస నుంచి ఎవరో తల్లి అడిగింది, పిల్లవాడు అన్నం పారబోస్తున్నాడు, ఎలా దారికి తేవాలని. నీలవేణి ఫోన్లో రికార్డు గుర్తుని పైకి తోసి, ఫోన్ని గోనెసంచి మీద పెట్టి, పొట్లాలు కడుతూనే జవాబు చెప్పింది. "పిల్లలు పారబోస్తే కోప్పడకండమ్మా. మనసులో అయిదు లెక్కపెట్టండి..." సరిగ్గా అప్పుడు కూతురు చోడిపిండి డబ్బా బోర్లించింది. నిండు డబ్బా.

నీలవేణి ఒకటి కూడా లెక్కపెట్టలేదు.

నిమిషం పది సెకన్ల పాటు తిట్టింది. అందులో కాగితం మీద రాయడానికి వీల్లేని మాటలు మూడున్నాయి. తరవాత పిండి ఎత్తి, చేతులు దులుపుకుని, నడుమ అన్నదంతా అందులో పడిందన్న ఊహే లేక, "అంచేత ఓపిక ముఖ్యమమ్మా" అని ముగించి, బాణం గుర్తు నొక్కేసింది.

తెలుసుకుని తీసేసేసరికి ఎనభైమంది విన్నారు. ఎవరో దాచుకున్నారు కూడా. నీలవేణి బుర్ర చకచకా లెక్క వేసింది. అయిదేళ్ళ కిందట ఈ గ్రూపు పెట్టినప్పుడు మొదటి నియమం తనే రాసింది: ఇక్కడ తిట్టు అన్న తల్లి ఇక్కడ ఉండదు. ఆ నియమం మీదే పేరొచ్చింది. ఆ పేరు మీదే ఉగ్గుపిండికి శ్రీకాకుళం నుంచి కూడా మనుషులు వస్తున్నారు. ఒక్క వాక్యంతో అంతా నిలబడుతుంది.

"మధ్యలో వినిపించింది మా అత్తయ్య. పెద్దావిడ. పాతకాలం మనిషి. దయచేసి మన్నించండి" అని రాసేసింది.

గంటలో నూటతొంభై మంది ఓదార్చారు. 'అలాంటి ఇంట్లో ఉండి కూడా ఇంత ఓపిగ్గా ఎలా ఉంటున్నారక్కా' అని ఒకావిడ ఏడుపు బొమ్మలు పెట్టింది.

మర్నాడు ఇద్దరు కుర్ర తల్లులు ఉగ్గుపిండికి వచ్చారు. గల్లాపెట్టె దగ్గర తాతమ్మ ఒక్కతే ఉంది. వాళ్ళలో ఒకామె చంకలో పిల్లని అటువైపుకి మార్చుకుని, "మామ్మా, ఏమీ అనుకోకు. పిల్లల ముందు అలాంటి మాటలేటి?" అంది. తాతమ్మకి అర్థం కాలేదు. ఆ కుర్ర తల్లి ఫోన్ తీసి వినిపించింది.

లోపల మర పక్కనే ఉన్న నీలవేణి అంతా విన్నది. బయటికి రాలేదు.

ఊరందరూ ఆ రెండు గొంతుల్ని పొరపడొచ్చు. తాతమ్మ తన గొంతుని పొరపడదు. ఆమె చివరిదాకా విని, "తప్పయిపోనాదమ్మా. ముసిల్దాన్ని, నోరు జారిపోనాది" అంది. పిండి తూచి ఇచ్చింది.

అంతే. అప్పటినుంచి నోరు మూసుకుంది.

*

పన్నెండున్నరకి గ్లోరీ ఫోన్ చేసింది. ఆమె ప్రసూతి వార్డులో నర్సు, గ్రూపు నడపడంలో నీలవేణికి జోడీ. చర్చి మెట్ల మీద నుంచి మాట్లాడుతోంది, వెనకాల చంటిపిల్లల గోల.

"అక్కా, మూడింటికి రెడీయేనా? నా మాట ముందే చెప్పేస్తాను, తరవాత అలగొద్దు. నేను రూలు తీసెయ్యమనే అంటాను."

"తిట్టుకోమంటావా పిల్లల్ని?"

"పిల్లల్ని తిట్టమనలేదు. నా వార్డులో పురిటినొప్పులు పడేవాళ్ళు దేవుణ్ణీ మొగుణ్ణీ కలిపి తిడతారు. నేను బయటికి తోసేస్తానా? చెయ్యి పట్టుకుంటాను. మన గ్రూపు చేయాల్సిందీ అదే."

నీలవేణి ఫోన్ని రెండో చెవికి మార్చుకుంది.

"ఇంకోటి. దుర్గాభవానికి కూడా లింకు పంపాను."

నెల్లిమర్ల అమ్మాయి దుర్గాభవాని. కవలల తల్లి. మొన్న వేసవిలో ఒకరోజు 'ఈ ముండాకొడుకులిద్దరూ నన్ను చంపేస్తున్నారు, మూడు నెలలైంది కన్ను మూసి' అని గ్రూపులో రాసింది. నిమిషం తిరక్కుండా నీలవేణి ఆమెని తీసేసింది. గింజల్లో పురుగు కనిపిస్తే ఏరి పారేసినట్టు, వెనక్కి తిరిగి చూడకుండా.

"అది ఎందుకు?" అంది నీలవేణి.

"అడగాల్సింది ఆ పిల్లనే కదక్కా. మరోమాట, కోప్పడకు. కొంతమంది పట్టుపట్టి కూర్చున్నారు. మామ్మగారు కాల్లోకి వచ్చి ఒక్కమాట సారీ చెప్తే మెత్తబడతారట. పెద్దావిడకి కష్టమే. కానీ నువ్వు అడిగితే కాదనదు కదా?"

కాదనదు. ఆ సంగతి నీలవేణికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఫోన్ పెట్టేసి ఆమె బేరం చూసుకుంది. తాతమ్మ ఒకసారి ఒప్పుకునే ఉంది. రెండోసారి ఒప్పుకుంటే కొత్తగా పోయేదేముంది? ముసలావిడ గ్రూపులో లేదు, చదవలేదు, ఆ తల్లులెవరో ఆమెకి తెలియదు. ఒక్క నిమిషం. తరవాత ఎవరూ అడగరు.

లెక్క ఎటు కూడినా సరిపోయింది. సరిపోయినందుకే ఆ లెక్క మీద అనుమానం వచ్చింది.

అయినా అడిగింది.

తాతమ్మ పెరట్లో బియ్యం చెరుగుతోంది. నీలవేణి వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"అత్తా, మూడింటికి ఫోన్లో ఒక్క మాట అనాల. మొన్న కొట్టుకాడ అన్నావు సూడు, అదే."

చేట ఆగింది.

"సిగ్గు లేదేటే నీకు?"

ఆ మాట తాతమ్మది కాదు. గుమ్మంలో శివాజీ నిలబడి ఉన్నాడు.

"బావా, నువ్వు లోపలికెల్లు. ఇది మా ఇద్దరి మాట."

"మీ ఇద్దరి మాటా? ఆరొందల మంది ఇన్న మాట. నాకూ వచ్చింది, నెల్లిమర్ల మావ పంపాడు. 'మీ అమ్మ నోరు ఇంకా అలాగే ఉన్నాదిరా' అని నవ్వుతూ పంపాడు. మూడుసార్లు ఇన్నాను."

"ఇంటే ఏటి?"

"అందులో విశాలీ అని రెండుసార్లున్నాది."

నీలవేణి మొహంలో రక్తం ఇంకిపోయింది.

ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు కడుపులోనే పోయాక పుట్టిన పిల్ల విశాలి. పుట్టిన మూడోనాడు తాతమ్మ ఆ పసికందుని పక్కింటివాళ్ళ చేతుల్లో పెట్టేసి, శేరు తవుడు ఇచ్చి తిరిగి కొనుక్కుంది. తవుడు పోసి కొన్న పిల్ల మీద ఎవరి కన్నూ పడదని నమ్మకం. ఆరోజు నుంచి ఆమె నోట పిల్ల పేరు 'తవుడు'. అసలు పేరు ఒక్కసారి పలికినా మొక్కు చెడుతుందని భయం. బడిలో చేర్పించిన రోజు టీచరు పిల్ల పేరు అడిగితే, శివాజీ వచ్చేదాకా అరగంట అక్కడే కూర్చుంది గానీ చెప్పలేదు.

అయిదేళ్ళలో తాతమ్మ నోట విశాలి అన్న మాట రాలేదు. ఎన్ని తిట్లు వచ్చినా అది రాలేదు.

అబద్ధం ఆడేముందు నీలవేణి అన్నీ చూసుకుంది. ఇది చూసుకోలేదు.

"పేరెట్టి తిట్టావు, కన్నపిల్లని" అన్నాడు శివాజీ. "తిట్టి మా యమ్మ నెత్తినెట్టావు. ఇప్పుడు ముసిల్దాన్ని ఫోన్లో నిలబెడతావా?"

"నాను ఎవురి కోసం సేసాను? ఈ కొట్టు ఎవురిది? ఆ గ్రూపు లేకపోతే నీ మర రోజుకి ఎన్ని గంటలు తిరుగుతాది?"

"మర ఆగిపోతే ఆగిపోనీ!"

"ఆగిపోనీ అనడం సులువు బావా. తిప్పడం..."

"వొగ్గియ్యిరా" అంది తాతమ్మ.

ఇద్దరూ ఆగిపోయారు.

"మూడింటికే కదే? అంటాను. ఏటనాలో సెప్పు, అలాగే అంటాను."

నీలవేణి తల ఎత్తలేకపోయింది. తిడితే బాగుండేది. తిట్టు పడితే ఎంతోకొంత బాకీ తీరినట్టుండేది. తాతమ్మ అదీ ఇవ్వలేదు.

"నామీద కోపం లేదా అత్తా?"

"కోపమేటి?" తాతమ్మ చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. "సిగ్గే. నాను సిగ్గుపడతన్నాను."

"నువ్వెందుకు?"

"మీ యమ్మ పోనాక నిన్ను పెంసింది నానే కదే. జడేసినప్పుడు తిట్టీదాన్ని, నీళ్ళోసినప్పుడు తిట్టీదాన్ని. ఊరు నవ్వీది, నువ్వూ నవ్వీదానివి. తిట్టంటే అంతేననుకున్నాను. మొన్న ఆ పిల్ల ఫోనెడితే ఇన్నాను." ఆమె చేట కింద పెట్టింది. "మాటలన్నీ నావే. ఒక్కటి కూడా కొత్తది లేదు. కానీ ఆ కోపం నాది కాదే. నాకు తెలిసి అలాగ నాను ఎవుర్నీ తిట్నేదు. తిట్టానేమో? నీకు తెలియాల. తిట్టానేటే, సిన్నప్పుడు నిన్ను?"

నీలవేణి కిందపడ్డ గింజ ఒకటి తీసి చేటలో వేసింది.

"నాలుగు రోజుల నుంచి అదే అడగాలనుంది. అడగలేక నోరు మూసుకున్నాను. ఈ మాటలు నీకు ఇచ్చింది నానే అయితే, తప్పయిపోనాదని ఆ అమ్మలకి సెప్పడంలో అబద్ధమేటున్నాది?"

శివాజీ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

నీలవేణి లేచి లోపలికి వెళ్ళిపోయింది. తాతమ్మ ఎప్పుడూ అలా తిట్టలేదు. ఆ ఒక్క ముక్క చెప్పి రావచ్చు. చెప్తే తన తప్పుకి తనే మిగులుతుంది. అది తెలిసే చెప్పకుండా వచ్చేసింది.

*

మూడింటికి నూట నలభైమంది చేరారు. తెర మీద చిన్నచిన్న గళ్ళలో మొహాలు. కొన్ని గళ్ళలో పాలు తాగే పిల్లలు. తాతమ్మ చీర మార్చుకుని, నీలవేణి పక్కన స్టూలు మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

మొదట రాజాం టీచరొకావిడ మాట్లాడింది. "మా వాడు నా ఫోన్లో గ్రూపు మెసేజీలన్నీ వింటాడు. ఇవాళ తల్లి రాసిన తిట్టు రేపు పిల్లాడి నోట వస్తుంది. బజారులో ఉన్నవి చాలవా? ఈ ఒక్క చోటైనా శుభ్రంగా ఉండనివ్వండి."

చాలామంది చప్పట్ల బొమ్మలు పెట్టారు.

"శుభ్రంగా ఉన్నవాళ్ళకే చోటైతే, ఈ గూడు ఎవరికండీ?" అంది గ్లోరీ. "పిల్లని ఎత్తుకుని నవ్వుతున్న ఫొటో పెట్టేవాళ్ళకి ఏ గూడైనా చాలు."

"అంటే బూతులు రాయమంటారా?"

"రాస్తే చదవమంటాను. తిట్టు చూసి ఆగిపోకుండా, దాని వెనకాల ఏం రాసిందో చదవమంటాను."

వాదం పెరిగింది. ఒకావిడ, "ముందు ఆ పెద్దావిడ సంగతి తేల్చండి" అంది. "ఆవిడ ఆ పిల్లని అన్న మాటలు వింటే నాకు ఆ పూట అన్నం సయించలేదు."

తాతమ్మ గొంతు సవరించుకుంది. ముందుకి వంగింది.

అప్పుడు ఒక గడిలోంచి బొంగురు గొంతు వచ్చింది. దుర్గాభవాని. రెండు భుజాల మీదా ఇద్దరు పిల్లలు.

"ఆ మామ్మని ఏమీ అనకండి. ముసలావిడ, ఎంత విసిగిపోతే అందో. నేను అన్నాను కదా, నాకు తెలుసు. నన్ను తీసేశాక రెండు రోజులు ఫోన్ పట్టుకునే కూర్చున్నాను, పొరపాటున తీసేశారేమో, మళ్ళీ కలుపుతారేమోనని. ఆవిడనీ అలా కూర్చోబెట్టకండి."

తాతమ్మ నోరు తెరిచింది. "అమ్మా, నాను..."

నీలవేణి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ గొంతు మా అత్తది కాదు. నాది."

గళ్ళన్నీ కదలకుండా ఉండిపోయాయి.

"మొదలూ చివరా మధ్యా మొత్తం నేనే. మా అత్త ఆ టైముకి ఇంట్లో లేదు, రేషనుకి వెళ్ళింది. ఆవిడ ఎప్పుడూ అలా అనలేదు. నన్ను పెంచినప్పుడు కూడా అనలేదు. అబద్ధం నేనే రాశాను." ఆమె ఊపిరి తీసుకుంది. "మన నియమం ప్రకారం నేను ఈ గ్రూపులో ఉండకూడదు. దుర్గాభవానిని తీసినట్టే నన్నూ తీసేసుకుంటున్నాను. నన్ను..."

"ఆగు" అంది దుర్గాభవాని.

నీలవేణి వేలు తెర మీద ఆగింది.

"నువ్వెళ్ళిపోతే నీకు హాయి. శిక్ష వేసుకున్నట్టూ ఉంటుంది, ఎవరి మొహం చూడక్కర్లేదు కూడా. నాకు ఆ రెండు రోజులూ ఎలా గడిచాయో ఎవరికి చెప్పాలి? గ్లోరీ గారికి చెప్పాను. ఆమె తీసేయలేదు. తీసేసినదానివి నువ్వు. కూర్చుని విను."

నీలవేణి కూర్చుంది.

దుర్గాభవాని ఎక్కువసేపు తీసుకోలేదు. ఆమె చెప్పిన దాంట్లో ఒక్క తిట్టూ లేదు. రెండో రోజు మధ్యాహ్నం పిల్లల్ని మంచం మీద వదిలేసి, తలుపు బయట గొళ్లెం పెట్టి, చంపావతి వంతెన దాకా నడిచి వెళ్ళిందట. అక్కడ కాసేపు నిలబడిందట. మళ్ళీ తిరిగి వచ్చిందట. అంతే చెప్పింది. ఒక పిల్లవాడు మధ్యలో లేచి ఏడిస్తే, వాణ్ణి ఊపుతూనే చెప్పింది.

ఓటు ఎవరూ అడగలేదు. ఒక్కొక్క గడీ ఆరిపోయింది. ఎవరూ పోయి వస్తామనలేదు.

"ఎందుకు సెప్పావే?" అంది తాతమ్మ, తెర నల్లబడ్డాక. "నాను అందును కదా."

"నువ్వనేస్తే నా లెక్క సరిపోయీది అత్తా. అందుకే."

తాతమ్మ లేచి పెరట్లోకి పోయింది. ఆమె మొహంలో తేలిక కనిపిస్తుందేమోనని నీలవేణి చూసింది. ఉందో లేదో తెలియలేదు.

*

సాయంత్రానికి లెక్క తేలింది. నలభై ఒక్క మంది గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఇద్దరు ఉగ్గుపిండి వద్దని కబురు పెట్టారు. కొందరు మెచ్చుకుంటూ రాశారు, ఆ మెచ్చుకోళ్ళు చదవబుద్ధి కాలేదు. దుర్గాభవాని గ్రూపులోకి తిరిగి వచ్చింది, 'వచ్చాను' అని కూడా రాయలేదు. నీలవేణి తప్పయిందని తాతమ్మకి చెప్పుకుంది, దుర్గాభవానికి చెప్పుకుంది, ఆరువందల మందికి చెప్పుకుంది. చెప్పాల్సినవాళ్ళని ఒక్కొక్కరినే వేళ్ళ మీద మడుచుకుంటూ వస్తే, ఒక వేలు మిగిలింది.

విశాలి వీధి అరుగు మీద కూర్చుని, చింతగింజలు వరసగా పేరుస్తోంది.

నీలవేణి వెళ్ళి పక్కన నిలబడింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. తిట్టడానికి నిమిషం పది సెకన్లు ఒక్కచోట ఆగకుండా మాటలు దొరికాయి. ఇప్పుడు ఒక్కటీ దొరకడం లేదు. చివరికి వంగి, పిల్ల భుజం మీద చెయ్యి వెయ్యబోయింది.

పిల్ల తల ఎత్తి చూసింది. చేతిలో గింజలు కిందపడ్డాయి. గబుక్కున రెండు చేతులతో చెవులు మూసుకుంది. కళ్ళు కూడా మూసుకుంది.

నీలవేణి ఇంకా నోరు తెరవలేదు.

తెరవకుండానే అక్కడే చతికిలబడింది. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. శ్రీకాకుళం బస్సు వచ్చింది, పోయింది. పిల్ల చెవుల మీంచి చేతులు తియ్యలేదు.

కాసేపటికి, చెవులు మూసుకున్నవాళ్ళు మాట్లాడేటంత గట్టిగా, కళ్ళు తెరవకుండానే అడిగింది.

"అయిపోయిందా?"

నాలుగు రోజుల బేరానికి నీలవేణి చేతికి వచ్చింది ఆ ఒక్క ప్రశ్న. అయిపోయిందని చెబుదామనుకుంది. గొంతు దాకా వచ్చిన ఆ మాట నిజమో కాదో తేల్చుకోలేక, అలాగే కూర్చుండిపోయింది.